క్షమించడమంటే మరచిపోవడమా?



మా ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే మనుమరాలు ఉన్నది. షోలాపురంలో పుట్టి పెరిగిన పిల్ల. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లీషు. ఈ మూడూ చాలవన్నట్టు కొరియా పాటలు పట్టుకున్నది. "ఆ మాటలకు అర్థం నీకేం తెలుసే?" అంటే, "తెలియకపోయినా బాగుంటాయి తాతయ్యా" అంటుంది. ఒకరోజు ఫోనులో ఒక ఫోటో చూపించింది. ఎముకలు కొరికే చలిలో వేలాదిమంది ఆడపిల్లలు నడివీధిలో కూర్చుని, పాటకచేరీల్లో అభిమానులు ఊపే రంగురంగుల లైటు కర్రలు పైకెత్తి ఊపుతున్నారు. "కచేరీయా?" అన్నాను. "కాదు తాతయ్యా, వాళ్ల ప్రెసిడెంటు దిగిపోవాలని" అన్నది.

ఆ ఫోటో 2024 డిసెంబరు నాటిది, దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోనిది. అధ్యక్షుడు ఏం చేశాడని అడిగితే, "ఒక్క రాత్రి మార్షల్ లా పెట్టాడు. ఆరు గంటలే ఉన్నది. దానికే" అన్నది పిల్ల.

ఆరు గంటల సైనిక పాలనకే ఒక జాతి అంతగా ఎందుకు ఉలిక్కిపడింది? ఈ ప్రశ్నకు జవాబు వెదకబోతే నలభైనాలుగేళ్లు వెనక్కి వెళ్లవలసి వచ్చింది. అక్కడ మరొక ప్రశ్న ఎదురైంది. అది కొరియావాళ్లది మాత్రమే కాదు, మన అందరిదీ. నియంత పోయిన తరువాత ప్రజలు ఏం చేయాలి? జరిగినదేదో జరిగిందని మరచిపోయి ముందుకు నడవాలా? లేక పాత గాయాన్ని విప్పి చూడాలా? క్షమించడమంటే మరచిపోవడమేనా?

ముందు కథ క్లుప్తంగా చెప్పుకుందాం. 1961 మే 16న సైన్యాధికారి పార్క్ చుంగ్-హీ అధికారం పట్టుకున్నాడు. ఆయన ఏలుబడిలో ఫ్యాక్టరీలు లేచాయి, రోడ్లు పడ్డాయి, పేద దేశం ఎగుమతుల దేశమైంది. ఈ మాట దాచనక్కరలేదు. అయితే 1972లో ఆయన తెచ్చిన కొత్త రాజ్యాంగంతో అధ్యక్షుణ్ణి సూటిగా ఎన్నుకునే హక్కు ప్రజలకు పోయింది. పోలీసులు వీధిలో మగపిల్లల జుట్టు పొడవు చూసి కత్తిరించేవారు, ఆడపిల్లల లంగా పొట్టిదైతే కొలిచేవారు. కిమ్ మిన్-గి అనే యువకుడు కట్టి పాడిన 'ఉదయపు మంచు' అనే పాటను 1975లో నిషేధించారు. నియంత కేవలం ఓటును పట్టుకుని ఊరుకోడు. జుట్టును, బట్టను, పాటను, చివరకు మనిషి నోటిలోని మాటను కూడా పట్టుకుంటాడు. అందుకే నియంత పోయాక ఓటు ఒక్కటి తిరిగి వస్తే సరిపోదు. మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా విడిపించుకోవాలి.

1979 అక్టోబరు 26న పార్క్‌ను ఆయన సొంత గూఢచారి శాఖాధిపతే విందులో కాల్చి చంపాడు. ఇక తెల్లవారిందనుకున్నారు జనం. డిసెంబరు 12 రాత్రి చున్ డూ-హ్వాన్ అనే మరో సైన్యాధికారి సైన్యాన్ని చేజిక్కించుకున్నాడు. 1980 మే 17 అర్ధరాత్రి మార్షల్ లాను దేశమంతటికీ విస్తరించారు. విశ్వవిద్యాలయాలు మూతబడ్డాయి. ప్రతిపక్ష నాయకుడు కిమ్ డే-జుంగ్‌ను పట్టుకుపోయారు.

నైరుతి మూల గ్వాంగ్జు అనే నగరం ఉన్నది. మే 18 ఉదయం అక్కడి విశ్వవిద్యాలయం గేటు దగ్గర చేరిన విద్యార్థులను పారాట్రూపర్లు లాఠీలతో గొడ్డును బాదినట్టు బాదారు. అడ్డుపడిన పెద్దలనూ వదలలేదు. దానితో ఊరంతా వీధిలోకి వచ్చింది. టాక్సీలవాళ్లు, బస్సులవాళ్లు బండ్లు వరుసగా పెట్టుకుని దీపాలు వేసుకుని వచ్చారు. మే 21న ప్రభుత్వ కార్యాలయం ముందు చేరిన జనంమీద సైన్యం తుపాకులు పేల్చింది. జనం కూడా తుపాకులు సంపాదించి ఎదురు తిరిగారు. సైన్యం ఊరి వెలుపలికి తప్పుకున్నది. ఆ తరువాత కొద్దిరోజులు ఊరిని ఊరే చూసుకున్నది. పోలీసు లేడు, సైనికుడు లేడు. అయినా దోపిడీలు జరగలేదు. బజారులో సరుకులమ్ముకునే స్త్రీలు అన్నం వండి, ముద్దలు కట్టి, ముఖం తెలియని పిల్లలకు పంచారు. ఆసుపత్రుల ముందు రక్తమివ్వడానికి జనం వరుస కట్టారు. మే 27 తెల్లవారుజామున సైన్యం టాంకులతో తిరిగి వచ్చి ఊరిని పట్టుకున్నది. అధికారిక లెక్కల్లోనే 160 మందికి పైగా పౌరులు చనిపోయారు. జాడ తెలియకుండా పోయినవారు వేరే.

చంపడంతో పని పూర్తి కాలేదు. నోళ్లు కూడా మూయించవలసి వచ్చింది. సెన్సారు కింద ఉన్న పత్రికలలో వారు అల్లరిమూకలయ్యారు, కమ్యూనిస్టులయ్యారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడిస్తే ఆమె వెనుక గూఢచారి నిలబడ్డాడు. యుర్గన్ హింజ్‌పేటర్ అనే జర్మన్ కెమెరామాన్ సియోల్ నుంచి ఒక టాక్సీలో గ్వాంగ్జుకు వెళ్లి తీసిన చిత్రాలు పరదేశాలవారు చూశారు గాని, సొంత దేశంవారు చాటుమాటున తప్ప చూడలేకపోయారు.

నిజాన్ని ఏడేళ్లు పాతిపెట్టారు. అది మొలకెత్తింది. 1987 జనవరిలో పార్క్ జోంగ్-చోల్ అనే విద్యార్థి పోలీసుల చేతిలో నీటి చిత్రహింసకు చనిపోయాడు. బల్లమీద గట్టిగా చరిస్తే బెదిరి చనిపోయాడన్నారు పోలీసులు. దాచిన సంగతులను ఆ మే 18న, గ్వాంగ్జు జరిగి సరిగ్గా ఏడేళ్లయిన నాడు, సియోల్‌లోని మ్యోంగ్‌డోంగ్ కథెడ్రల్‌లో కథోలిక గురువులు బయటపెట్టారు. జూన్‌లో లీ హాన్-యోల్ అనే మరో విద్యార్థి తలకు బాష్పవాయువు గుండు తగిలింది. జూన్ నెలంతా లక్షల మంది వీధుల్లో ఉన్నారు. జూన్ 29న ప్రభుత్వం దిగివచ్చి అధ్యక్షుణ్ణి ప్రజలే ఎన్నుకోవచ్చునన్నది. జూలై 5న లీ హాన్-యోల్ మరణించాడు.

అతని అంత్యక్రియల నాడు మూన్ ఇక్-హ్వాన్ అనే వృద్ధ పాస్టరుగారు మైకు ముందుకు వచ్చారు. అంతకు ముందురోజే చెరసాల నుంచి విడుదలైన మనిషి. ఉపన్యాసం చేస్తారని జనం ఎదురు చూశారు. ఆయన ఉపన్యాసం చేయలేదు. చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటే ఎలుగెత్తి పిలిచారు, అంతే. 1970లో కార్మికుల కోసం తన్ను తాను కాల్చుకున్న బట్టల కార్మికుడు జోన్ తే-ఇల్ మొదలుకొని, ఎదుట పెట్టెలో ఉన్న లీ హాన్-యోల్ వరకు.

ఇక్కడ మన చదువరులకు ఒక మాట దాచకుండా చెప్పాలి. అక్కడి క్రైస్తవ సంఘాలన్నీ ఆ పాస్టరుగారి వెంట నిలబడలేదు. గ్వాంగ్జులో మట్టి ఆరకముందే, 1980 ఆగస్టులో, పేరుపొందిన కొందరు సంఘ పెద్దలు ఒక హోటలులో చున్ డూ-హ్వాన్ కోసం అల్పాహార ప్రార్థన జరిపి ఆశీర్వదించారు. ప్రార్థనా పదాలు రెండు చోట్లా ఒక్కటే కావచ్చు. ఎవరి పేర్లు పలికారన్నదే తేడా.

నియంత దిగిపోయాడు. మరి ప్రజారాజ్యం వచ్చిందా? 1987 డిసెంబరు ఎన్నికల్లో ప్రతిపక్ష నాయకులిద్దరూ విడివిడిగా నిలబడ్డారు. గెలిచినది చున్‌కు చిరకాల స్నేహితుడు, 1979 డిసెంబరు రాత్రి ఆయన పక్షాన సైన్యాన్ని నడిపిన రో తే-వూ. పాము పోయినా కుబుసం ఇంట్లోనే ఉన్నట్టయింది. అప్పటినుంచి ఒక్కో మెట్టు ఎక్కుతూ వచ్చారు. 1993లో సైన్యంతో సంబంధం లేని అధ్యక్షుడు కిమ్ యంగ్-సామ్ పదవికి వచ్చాడు. సినిమాలను ముందుగా చూసి కోసే పద్ధతి చెల్లదని 1996లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఇంటికి మగవాడే యజమానిగా నమోదు కావాలనే పాత కుటుంబ చట్టం రాజ్యాంగానికి సరిపడదని 2005లో అదే న్యాయస్థానం అన్నది. 2008 నుంచి ఆ చట్టం పోయింది. అంటే 1987లో వీధిలోకి వచ్చిన ప్రజారాజ్యం ఇంటి గడప దాటి లోపలికి రావడానికి ఇరవై సంవత్సరాలు పట్టింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. 1995 చివరలో చున్, రో ఇద్దరినీ బంధించారు. 1996 ఆగస్టులో కోర్టు చున్‌కు మరణశిక్ష, రోకు ఇరవై రెండున్నర సంవత్సరాల జైలు విధించింది. పై కోర్టు వాటిని యావజ్జీవంగా, పదిహేడేళ్లుగా తగ్గించింది. 1997 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయపరచింది. అదే ఏడాది గ్వాంగ్జు దినాన్ని దేశం జ్ఞాపక దినంగా ప్రకటించింది. ఆ డిసెంబరులో కిమ్ డే-జుంగ్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1980లో చున్ ప్రభుత్వం మరణశిక్ష వేసిన మనిషి ఆయనే. ఎన్నికై వారమైనా తిరగకముందే, పదవి దిగబోతున్న కిమ్ యంగ్-సామ్‌తో ఏకమై, చున్‌ను, రోను విడిచిపెట్టడానికి ఒప్పుకున్నాడు. తనకు ఉరి వేయబోయినవానికి జైలు తలుపు తీయించాడు. ఆయన పదవిలో ఉన్నంతకాలం ఎవరికీ ఉరి అమలు కాలేదు. ఈనాటికీ ఆ దేశంలో ఉరి అమలు జరగడం లేదు.

చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. కాని గ్వాంగ్జులో బిడ్డను పాతిపెట్టిన తల్లి పక్కన కూర్చుని ఆలోచిస్తే ఒక అడ్డుప్రశ్న వస్తుంది. తనకు పడిన మరణశిక్షను క్షమించే హక్కు కిమ్‌కు ఉన్నది. ఆ తల్లి బిడ్డ ప్రాణం సంగతి క్షమించే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? నా అప్పు నేను మాఫీ చేయగలను. పొరుగువాని అప్పును నేనెలా మాఫీ చేస్తాను? పైగా చున్ ఎన్నడూ తప్పు ఒప్పుకోలేదు. 2017లో వెలువడిన తన ఆత్మకథలో, హెలికాప్టరు నుంచి కాల్పులు చూశానని సాక్ష్యమిచ్చిన ఒక గురువును నోటికి వచ్చినట్టు దూషించి, అందుకు మళ్లీ కోర్టు మెట్లెక్కి 2020లో శిక్ష పొందాడు. 2021 నవంబరులో తొంభయ్యవ ఏట, క్షమించమని అడగకుండానే చనిపోయాడు. అంతకు నెల ముందు చనిపోయిన రో మాత్రం తన తప్పులకు క్షమాపణ కోరుతున్నట్టు కుటుంబం ద్వారా తెలియజేశాడు.

అయితే కిమ్ చేసినది తప్పా? చాలాకాలం ఆలోచించి నాకు తోచినది ఇది. విడిచిపెట్టడం వేరు, తుడిచివేయడం వేరు. తీర్పు చెప్పకముందే విడిచిపెట్టి ఉంటే అది మరుపు. అక్కడ అలా జరగలేదు. ముందు పేర్లు చదివారు, సాక్షులను విన్నారు, ఇది హత్య, ఇది రాజద్రోహమని పుస్తకంలో రాశారు. ఆ తరువాతే తలుపు తీశారు. మనిషి బయటికి వచ్చాడు, తీర్పు లోపలే ఉండిపోయింది. యోసేపు కథ మనకు కొత్త కాదు. అన్నలను క్షమించాడు, నిజమే. కాని వారు తమ తప్పు తమ నోటితో అనుకునేదాకా తానెవరో చెప్పలేదు. నిజం పలికిన తరువాత ఇచ్చేదే క్షమ. నిజం పలకనివ్వకుండా ఇప్పించేది క్షమ కాదు, అది రెండవసారి పాతిపెట్టడం. ఇక ఆ తల్లి మాట. ప్రభుత్వం శిక్షను తగ్గించవచ్చు, కాని ఆమె పేరుమీద క్షమించలేదు. ఆ లెక్క ఆమె చేతిలోనే ఉంటుంది. ఆమె తీర్చకపోతే తప్పుపట్టే హక్కు మనలో ఎవరికీ లేదు.

2023 మార్చి చివర ఆ లెక్కలో ఒక చిన్న వరుస చేరింది. చున్ మనుమడు ఒకడు గ్వాంగ్జుకు వచ్చి, బిడ్డలను పోగొట్టుకున్నవారి ముందు మోకరించి, తన తాత చేసినది పాపమని చెప్పాడు. తన కోటు విప్పి సమాధిరాళ్లు తుడిచాడు. కొందరు తల్లులు అతణ్ణి దగ్గరికి తీసుకున్నారు. తాత నలభై ఏళ్లలో అనలేని మాటను మనుమడు అన్నాడు. ఎందుకు అనగలిగాడు? ఆ మాట అప్పటికి దేశమంతా నేర్చుకుని ఉన్నది గనుక.

ఆ నేర్పు ఎలా వచ్చింది? కోర్టు తీర్పుతోనే రాలేదు. హాన్ కాంగ్ అనే రచయిత్రి 1970లో గ్వాంగ్జులో పుట్టింది. 1980 మొదట్లో ఆమె కుటుంబం సియోల్‌కు మారింది, కొన్ని నెలల తేడాలో ఆమె బతికిపోయింది. చిన్నతనంలో ఇంట్లో దాచిన ఫోటోల పుస్తకంలో ఆ శవాల ముఖాలు చూసింది. 2014లో ఆ ఊరి పిల్లవాడి మీద నవల రాసింది. 2024లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పొందింది. హింజ్‌పేటర్‌ను తీసుకువెళ్లిన టాక్సీ మీద 2017లో సినిమా వచ్చింది. 1979 డిసెంబరు 12 రాత్రి మీద 2023 నవంబరులో మరో సినిమా వచ్చింది. సుమారు ఐదు కోట్ల జనమున్న దేశంలో దానికి కోటీ ముప్పై లక్షల టికెట్లు తెగాయి. మార్షల్ లా ఎలా మొదలవుతుందో, దాన్ని ఎవరు ఎక్కడ ఆపగలిగి ఆపలేదో అప్పటికి పుట్టని పిల్లలు కూడా తెరమీద చూశారు.

ఆ తరువాత ఏడాది తిరిగేసరికి, 2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర వేళ, అధ్యక్షుడు యూన్ సుక్-యోల్ టీవీలో కనబడి మార్షల్ లా ప్రకటించాడు. సైనికులు హెలికాప్టర్లలో పార్లమెంటుకు దిగి కిటికీలు పగులగొట్టారు. జనం మాత్రం తలుపులు బిగించుకోలేదు. చెప్పులు వేసుకుని పార్లమెంటుకు బయలుదేరారు. సభ్యులు గోడలెక్కి లోపలికి దూకారు. అరవై దాటిన స్పీకరు కూడా గోడ ఎక్కాడు. ఉద్యోగులు కుర్చీలు బల్లలు అడ్డం పెట్టారు. అర్ధరాత్రి దాటి ఒంటి గంటకు, 300 మందిలో హాజరైన 190 మందీ ఏకగ్రీవంగా దాన్ని రద్దు చేయాలని ఓటు వేశారు. తెల్లవారకముందే మార్షల్ లా ఎత్తివేశారు. డిసెంబరు 14న పార్లమెంటు యూన్‌ను అభిశంసించింది. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిదిమంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ఆయనను పదవి నుంచి తొలగించింది. పార్లమెంటు అంత త్వరగా ఓటు వేయగలగడానికి పౌరుల ప్రతిఘటన, సైనికులు పోలీసులు ఆ పనిని మనసుపెట్టి చేయకపోవడం కారణమని ఆ తీర్పులోనే ఉన్నది.

1980లో లాఠీ ఎత్తిన చేయి 2024లో ఎందుకు తటపటాయించింది? ఆజ్ఞ ఇచ్చినవాడు ఒకనాడు కోర్టులో నిలబడ్డాడన్న సంగతి ఆ సైనికులకు తెలియడమే ఒక కారణమని నా నమ్మకం. గ్వాంగ్జు తల్లులు కట్టిన అన్నపు ముద్దలు కూడా ఆ చలికాలంలో మళ్లీ కనిపించాయి. వీధిలో కూర్చున్నవారి కోసం, రాలేకపోయినవారు దగ్గరి హోటళ్లలో కాఫీకి, భోజనానికి ముందే డబ్బు కట్టి ఉంచారు. ఎవరు తాగుతారో వారికి తెలియదు. సంస్కృతి అంటే ఇదేనేమో. వడ్డించే చేయి మారుతుంది, వడ్డన మారదు. ఆ రాత్రి గడచిన నాలుగు రోజులకు స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసమిస్తూ హాన్ కాంగ్, బతికి ఉన్నవారు చనిపోయినవారిని కాపాడగలరా అని ఒకప్పుడు అడుగుకునేదాన్నని, రాస్తూ రాస్తూ ఉండగా ఆ ప్రశ్న తిరగబడిందని, చనిపోయినవారు బతికి ఉన్నవారిని కాపాడగలరా అన్నదే తన ప్రశ్న అయిందని చెప్పింది. సియోల్ జనం అంతకు ముందే తమకు తెలిసిన జవాబు చెప్పేశారు.

అంతా చక్కబడిందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. పార్క్ కుమార్తె పార్క్ గున్-హే అధ్యక్షురాలై ఉండగా, ప్రభుత్వానికి నచ్చని కళాకారుల జాబితా రహస్యంగా తయారైంది, అందులో తొమ్మిది వేలకు పైగా పేర్లున్నాయి. 1948 నాటి జాతీయ భద్రతా చట్టం ఇంకా రద్దు కాలేదు. 2025 జనవరిలో యూన్‌ను సమర్థించే మూక ఒక కోర్టు భవనంలోకి చొరబడి ధ్వంసం చేసింది, వారిలో యువకులూ ఉన్నారు. గ్వాంగ్జు ఉత్తర కొరియా పన్నాగమని నేటికీ ప్రచారం చేసేవారున్నారు. అలాంటి అబద్ధాలు ప్రచారం చేస్తే జైలు అని 2021లో చట్టం తెచ్చారు. ఈ చట్టం మంచిదా? నాకు అనుమానమే. జైలు భయంతో నిలబడే నిజం, పాత కాలపు అబద్ధంలాగే నిలబడుతుంది. నిజాన్ని కాపలా కాయవలసినది తల్లులు, గురువులు, కథలు చెప్పేవారు.

ఇంతకీ మన ఇంటి సంగతి? 1975 జూన్ 25న మన దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. పత్రికలో సంపాదకీయం ఉండవలసిన చోట తెల్లకాగితం చూశాను. ఇంట్లో రాజకీయం మాట్లాడబోతే మా నాన్నగారు లేచి కిటికీ మూసేవారు. అది ఇరవై ఒక్క నెలల తరువాత, 1977 మార్చిలో, ప్రజల ఓటుతో ముగిసింది. కొరియాతో పోల్చదగినంత కష్టం నేను పడలేదు. కాని ఆ కిటికీ సంగతి నా పిల్లలకు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఏముందనుకున్నాను. అదే పొరపాటు. పరాయి రాష్ట్రంలో ఉంటూ భాష పోకుండా పిల్లలకు పద్యం నేర్పించాం, వంట నేర్పించాం. భయం ఎలా ఉంటుందో, దాన్ని ఎలా దాటామో మాత్రం నేర్పలేదు.

మొన్న మా మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కిటికీ సంగతి చెప్పాను. అంతా విని, "తాతయ్యా, మీ నాన్న కిటికీ మూస్తే మీరేం చేశారు?" అని అడిగింది. ఏమీ చేయలేదని చెప్పాను. నిజం అదే గనుక. పిల్ల ఏమీ అనలేదు. లేచి వెళ్లి, వీధివైపు కిటికీ తెరచి వచ్చి మళ్లీ పాట పెట్టుకున్నది.